కాటా దగ్గర ఎక్కించిన లోడు బిల్లు కౌంటర్లో కనపడకపోతే

జూన్, జూలైల్లో దామలచెరువు మండీలకు తోతాపురి మామిడి లోడ్లు వరుసగా దిగుతుంటాయి. కాటా కంప్యూటర్లో ఎక్కించిన తూకం బిల్లు కౌంటర్లో కనపడకపోతే రైతు అక్కడే నిలబడిపోవాలి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (లెక్కలు టేబుళ్లలో దాచే ప్రోగ్రాం) ఫైలును నలుగురు వాడేచోట ఇది తరచూ వచ్చే ఇబ్బందే. రీఫ్రెష్ నొక్కేముందు ఒకటి తేల్చుకోండి: రెండు కంప్యూటర్లూ ఒకే ఫైలును చూస్తున్నాయా?

రెండింట్లోనూ ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి (ఫారాలున్న ఫైలు ఏ డేటా ఫైలుకు ముడిపడి ఉందో ఇది చూపుతుంది), టేబుళ్ల పక్కనున్న ఫైలు దారిని (పాత్) అక్షరం అక్షరం పోల్చండి. జెడ్ డ్రైవ్ అని రెండుచోట్లా ఉన్నా నమ్మకండి, ఒక్కో కంప్యూటర్లో అది ఒక్కో ఫోల్డర్ కావచ్చు. సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారితో లింక్ చేస్తే ఈ గొడవ ఉండదు.

దారులు వేరైతే లింక్ మార్చడానికి తొందరపడకండి. తప్పు ఫైల్లోనూ నిజమైన తూకాలు ఉన్నాయి, అవి రైతుల డబ్బు. అందరి చేతా యాక్సెస్ మూయించి, రెండు ఫైళ్లకూ నకలు తీయండి. తప్పు ఫైల్లో మాత్రమే ఉన్న వరుసల్ని అపెండ్ క్వెరీతో (ఒక టేబుల్ వరుసల్ని ఇంకోదానికి చేర్చే ఆదేశం) అసలు ఫైల్లోకి చేర్చండి. ఆటోనంబర్ గడిని (యాక్సెస్ తానే నంబరు వేసే గడి) వదిలేయాలి, లేకపోతే నంబర్లు ఢీకొంటాయి. ఆ నంబరుతో ముడిపడిన వేరే టేబుల్ ఉంటే, అందులోనూ కొత్త నంబర్లు వేయాలి. ఆ తర్వాతే లింక్ మార్చండి.

డేటా ఫైలును వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఫోల్డర్లలో పెట్టకండి. అక్కడ ప్రతి కంప్యూటరూ తన సొంత నకలు తెరుస్తుంది, ఒకరి పని మీద ఇంకొకరిది పడుతుంది. ఏ సెట్టింగూ దీన్ని సరిచేయదు. డేటా ఫైలు ఆఫీసు నెట్‌వర్క్‌లోని షేర్డ్ ఫోల్డర్లో ఉండాలి, ఫారాల ఫైలు మాత్రం ఎవరి కంప్యూటర్లో వారికి ఒకటి. ఆ ఫోల్డర్లో ఫైళ్లు సృష్టించే, మార్చే, తీసేసే అనుమతి అందరికీ కావాలి, ఎందుకంటే ఎవరెవరు లోపల ఉన్నారో రాసుకునే లాక్ ఫైలును యాక్సెస్ అక్కడే పెడుతుంది. వైఫై మీద నడపకండి. మధ్యలో తెగితే ఫైలే పాడవచ్చు, కేబుల్ వేయించండి.

ఫైలు ఒకటే అని తేలితే మిగిలింది తేలిక. కాటా దగ్గర వరుస పక్కన పెన్సిల్ గుర్తు ఉంటే అది ఇంకా సేవ్ కాలేదు, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి. తెరిచి ఉన్న ఫారం మామూలుగా 60 సెకన్లకోసారి తాజా అవుతుంది, అదీ పాత వరుసల్లో మార్పులకే. కొత్త లోడు కనపడాలంటే బిల్లు కౌంటర్లో షిఫ్ట్, ఎఫ్9 నొక్కండి.

అప్పటికీ రాకపోతే ఫిల్టర్ తీసి చూడండి. కాటా కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంటే ఈరోజు లోడు నిన్నటి లెక్కలోకి పోయి ఉంటుంది. ఫారం ప్రాపర్టీల్లో రికార్డ్‌సెట్ టైప్ స్నాప్‌షాట్ (మారని నకలు) అని ఉంటే డైనాసెట్‌గా, డేటా ఎంట్రీ (పాత వరుసల్ని చూపని పద్ధతి) ఎస్ (Yes) అని ఉంటే నో (No)గా మార్చండి.