ఇంటి మరమ్మతు – ఇంటి విలువ: 3వ పాఠం – రంగు కన్నా ముందు చెమ్మ

గత పాఠంలో లెక్క కట్టడం నేర్చుకున్నాం. మరమ్మతు తర్వాత ఇంటికి వచ్చే ధరలోంచి ముందున్న ధరను తీసివేసి, మిగిలినదాన్ని ఖర్చుతో భాగిస్తే 1 కన్నా తక్కువ వచ్చిందంటే పెట్టిన డబ్బంతా తిరిగి రాదు. అలంకారం కోసం చేసే పనుల్లో చాలావాటికి ఇదే జరుగుతుంది. చెమ్మ సంగతి వేరు. ఇల్లు కొనడానికి వచ్చి గోడ మీద మరక చూసినవారికి దాని వెనుక ఎంత నష్టముందో తెలియదు. ఆ భయంతో అసలు మరమ్మతుకయ్యే ఖర్చు కన్నా ఎక్కువే తగ్గించి అడుగుతారు. అందుకే మొదటి రూపాయి ఇక్కడ పెట్టమంటాను.

ముందు కారణం పట్టుకోవాలి. నేల నుంచి పైకి పాకి, సుమారు మీటరు ఎత్తులో ఆగి, తెల్లటి ఉప్పు పొర వదిలే చెమ్మ చాలావరకు పునాది నుంచి వచ్చేదే. వాన పడ్డప్పుడల్లా ముదిరేదైతే పైకప్పునో బయటి గోడ పగుళ్లనో చూడండి. వానతో పనిలేకుండా ఎప్పుడూ తడిగా ఉంటే గోడలోని పైపునో, అవతల ఉన్న స్నానాలగదినో అనుమానించాలి.

పైపు కారుతోందా? కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకోండి. రెండు గంటలు నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె మారితే మీటరు దాటాక ఎక్కడో కారుతున్నట్టే.

రెండో పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి పెద్దగా ఖర్చే లేదు. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజుల తర్వాత గోడవైపు నీటి బొట్లుంటే తేమ గోడలోదే. గదివైపు ఉంటే గది గాలిలోది. ఆ గదికి గాలి ఆడేలా చేస్తే చాలావరకు తగ్గుతుంది.

కారణం సరిచేశాక గోడ పూర్తిగా ఆరాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తొందరపడి రంగు వేస్తే పొక్కులు లేచి పెచ్చులూడుతుంది. అమ్మబోయే ముందు మరకను రంగుతో కప్పేయడం మాత్రం కొనేవారికి చేసే అన్యాయమే. గోడ తవ్వినప్పుడు లోపలి పైపుల ఫొటోలు తీసి బిల్లులతో కలిపి దాచండి. అమ్మేటప్పుడు కొనేవారి భయాన్ని తగ్గించేది అవే.

అభ్యాసం: మీ ఇంటి ప్లాను గీసి, మరకలున్న చోట్లు అందులో గుర్తించండి. ప్రతి మరక చుట్టూ గోడ మీదే పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. వచ్చే పాఠంలో వంటగది పనికి దిగేముందు ఆ గీతలు దాటి ఏ మరక పెరిగిందో చూద్దాం.