పిల్లలకు చెస్ నేర్పుతున్నారా? ముందు చేతులు ఒళ్లో పెట్టుకోమనండి

మొదటి రోజే 32 పావులూ పరిచేయకండి. రాజులు, బంట్లు మాత్రమే పెట్టి ఓ వారం ఆడించండి, ఎవరి బంటు ముందుగా చివరి వరసకు చేరితే వాళ్లే గెలిచినట్టు. ముందుకు లెక్కేసుకోవడం అక్కడే అలవాటవుతుంది. తర్వాత ఒక్కో పావు కలపండి. గుర్రం దగ్గర మాత్రం తొందరపడొద్దు, అది అందర్నీ ఏడిపిస్తుంది.

అసలు కసరత్తంతా ఎత్తు వేసే ముందే. చేతులు ఒళ్లో పెట్టుకుని మూడు చూసుకోమనండి: ఎదుటివాళ్లు ఇప్పుడు ఆ ఎత్తు ఎందుకు వేశారు, నేను చెక్ పెట్టగలనా, నా పావు ఏదైనా ఊరికే పోతోందా. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం టోర్నమెంట్లలో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇంట్లోనూ పెట్టండి, ఏడ్చినా సడలించొద్దు (మా ఇంట్లో ఈ గొడవ రెండు వారాలు నడిచింది).

ఫోన్లో ఒక్క నిమిషం గేములు వద్దు, వాటిలో పనంతా వేళ్లకే. 15 నిమిషాలది ఒకటి చాలు. ఎత్తులన్నీ నోట్‌బుక్‌లో రాయించి, ఓడిన ఆటను మళ్లీ బోర్డు మీద వేసి ఎక్కడ తప్పిందో వాళ్లనే వెతకనివ్వండి, ఇంజిన్‌ని (మంచి ఎత్తులు లెక్కేసి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) అడగడం ఆ తర్వాతే. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు కదా అని మీ పిల్లలకు టెన్షన్ పెట్టకండి, రోజుకు అరగంట ఆడనివ్వండి.