వర్క్‌ఫ్లో ఆటోమేషన్ నేర్చుకుందాం – 6: మెమరీ చాలక ఆగిపోతే

పోయిన పాఠంలో ఎన్‌8ఎన్ అనే ఆటోమేషన్ సాధనంలో మనం కట్టిన వర్క్‌ఫ్లో (ఒకదాని తర్వాత ఒకటి నడిచే పనుల వరుస) 300 వరుసల స్టాకు పట్టికను ఇట్టే చదివేసింది. అదే వర్క్‌ఫ్లోకు 20,000 వరుసలు ఇస్తే, 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్‌లో మధ్యలోనే కుప్పకూలవచ్చు. తెర మీద ‘కనెక్షన్ లాస్ట్’ అని మాత్రమే కనబడుతుంది. అసలు సంగతి అక్కడ ఉండదు.

వెంటనే మెమరీ పెంచేయకండి. ముందు దాన్ని ఆపింది ఎవరో తెలుసుకోవాలి. డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను ‘కంటైనర్’ అనే విడి డబ్బాలో ఉంచి నడిపే సాధనంలో నడుపుతుంటే, ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’ ఆదేశం ఇచ్చి ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఎలా ఆగిందో చెప్పే అంకె) చూడండి. 134 ఉంటే ప్రోగ్రామ్ తనకు తానే ఆగిపోయిందని అర్థం. లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో) ‘జావాస్క్రిప్ట్ హీప్ అవుట్ ఆఫ్ మెమరీ’ అనే వాక్యం కూడా ఉంటే, ఎన్‌8ఎన్‌ను నడిపే నోడ్ జేఎస్ తన హీప్ (డేటా ఉంచుకునే మెమరీ భాగం) పరిమితిని దాటలేక ఆగిపోయింది. 137 ఉంటే బయటినుంచి బలవంతంగా ఆపేశారు. దాని పక్కన ‘ఊమ్ కిల్డ్’ (మెమరీ చాలక ఆపేశారు) అనే చోట ‘ట్రూ’ అని ఉంటే, ఆపింది లినక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ.

ఈ తేడా చాలా ముఖ్యం. మొదటి సందర్భంలో హీప్ పరిమితిని నిర్ణయించే ‘మాక్స్ ఓల్డ్ స్పేస్ సైజ్’ విలువ పెంచితే ఊపిరి ఆడుతుంది. రెండో సందర్భంలో అదే పని చేస్తే ఏ ప్రయోజనమూ లేదు. 1024 ఎంబీ కంటైనర్‌లో హీప్‌కు 2048 రాస్తే 134 పోయి 137 వస్తుంది, అంతే. ఫైళ్లను తాత్కాలికంగా ఉంచే బఫర్లకు హీప్ బయట కూడా చోటు కావాలి కనుక నేనైతే 700 ఎంబీ దగ్గర ఆపుతాను.

ఇంత మెమరీ ఎందుకు పడుతుంది? ఒక్కో వరుస 2 కేబీ అనుకుందాం. 20,000 వరుసలంటే దాదాపు 40 ఎంబీ. వర్క్‌ఫ్లో ముగిసేదాకా ప్రతి నోడ్ (వర్క్‌ఫ్లోలోని ఒక్కో మెట్టు; ఇది నోడ్ జేఎస్ కాదు) ఇచ్చిన ఫలితమూ మెమరీలోనే ఉంటుంది. ఎనిమిది నోడ్‌లు ఉంటే అది 320 ఎంబీ అవుతుంది. మెమరీలో జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులుగా మారాక ఇంకా ఉబ్బుతుంది. ఎడిటర్‌లో బటన్ నొక్కి నడిపితే తెర మీద చూపడానికి ఆ డేటాకు మరో నకలు తయారవుతుంది. కాబట్టి పెద్ద పట్టికను చేత్తో నడిపి పరీక్షించవద్దు.

చాలామంది ఇక్కడ వరుసలను చిన్న చిన్న విడతలుగా తిప్పే ‘లూప్ ఓవర్ ఐటమ్స్’ నోడ్ పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. నేనూ మొదట అలాగే చేసి, ఒక రాత్రంతా లాగ్ ముందు కూర్చున్నాను. లూప్ ఎన్ని చుట్లు తిరిగినా అది ఒకే వర్క్‌ఫ్లో. పాత చుట్ల ఫలితాలు అందులోనే పేరుకుపోతాయి.

చేయవలసింది ఇది. అసలు పనిని ఉపవర్క్‌ఫ్లోగా, అంటే ప్రధాన వర్క్‌ఫ్లో పిలిచే వేరే వర్క్‌ఫ్లోగా విడదీయండి. ప్రధాన వర్క్‌ఫ్లో పట్టిక మొత్తాన్ని చదవకూడదు. ‘1 నుంచి 200’, ‘201 నుంచి 400’ అని హద్దులు మాత్రమే పంపాలి. ఆ వరుసలను తెచ్చుకోవడం, సరిచూడడం, డేటాబేస్‌లో రాయడం ఉపవర్క్‌ఫ్లో పని. ఒక విడత ముగియగానే దాని మెమరీ ఖాళీ అవుతుంది. ఒక్క జాగ్రత్త: ఉపవర్క్‌ఫ్లో చివరి నోడ్ 200 వరుసలనూ వెనక్కి పంపకూడదు. ‘200 పూర్తి’ అనే ఒక్క ఐటమ్ చాలు. ఈ చివరి నోడ్‌ను మరిచిపోతే చేసినదంతా వృథా.

అభ్యాసం: వర్క్‌ఫ్లోను షెడ్యూల్ ద్వారా నడపండి. పక్కనే ‘డాకర్ స్టాట్స్’ తెరిచి, విడతకు 200, 500, 1000 వరుసల చొప్పున నడిపినప్పుడు మెమరీ ఎంతదాకా ఎక్కిందో మూడు అంకెలు రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో పీడీఎఫ్‌లు, ఫొటోలు మోసుకెళ్లే వర్క్‌ఫ్లోను పట్టుకుందాం. అప్పుడు ఆ అంకెలు కావాలి.