షెవెల్ కార్ల ఉత్పత్తిని అంచనా వేసే పద్ధతి

1970 నాటి షెవర్లే షెవెల్ కార్లు ఒక ఫ్యాక్టరీలో ఎన్ని తయారయ్యాయో అంచనా వేయాలంటే, మిగిలి ఉన్న కార్ల గుర్తింపు సంఖ్యలను సేకరించి, ఏడో స్థానంలోని ఫ్యాక్టరీ అక్షరాన్ని బట్టి (బాల్టిమోర్‌కు బి, ఆర్లింగ్టన్‌కు ఆర్) వేరు చేసుకోవాలి. గుర్తింపు సంఖ్యలోని చివరి ఆరు అంకెలే కారు వరుస సంఖ్య. ఆ వరుస 100001తో మొదలవుతుంది కనుక, దొరికినవాటిలో అతి పెద్ద సంఖ్య నుంచి 100000 తీసివేసి, ఆ శేషాన్ని సేకరించిన కార్ల సంఖ్యతో భాగించి, వచ్చిన భాగఫలాన్ని శేషానికి కలిపి, ఒకటి తగ్గించాలి. ఉదాహరణకు 20 కార్లలో గరిష్ఠ శేషం 84,000 అయితే అంచనా 88,199 అవుతుంది.

అయితే ఈ వరుసను ఆ ఫ్యాక్టరీలోని వేర్వేరు నమూనాలు పంచుకుంటాయి కాబట్టి, ఇది మొత్తాన్నే సూచిస్తుంది. ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ అనే శక్తిమంతమైన రకం) కార్ల సంఖ్యను ఇందులోంచి రాబట్టడం చాలా కష్టం. 1966 నుంచి 1968 వరకు ఎస్ఎస్ 396 గుర్తింపు సంఖ్య 138తో మొదలయ్యేది. 1969 నుంచి ఎస్ఎస్ కేవలం ఐచ్ఛిక ప్యాకేజీగా మారినందున ఆ ఆధారం పోయింది. ఖరీదైన కార్లను జనం ఎక్కువగా భద్రపరుస్తారు కనుక, మిగిలినవాటి నిష్పత్తిని మొత్తానికి వర్తింపజేస్తే అంచనా తప్పక పెరిగిపోతుంది. 1970 ఎల్ఎస్6 (అత్యంత శక్తిమంతమైన ఇంజిన్ ఉన్న రకం) గురించి తరచు చెప్పే 4,475 అనే సంఖ్యలో ఎల్ కమీనోలు (వెనుక సరుకు పెట్టె ఉన్న పికప్ తరహా కార్లు) కూడా కలిసి ఉన్నాయి; దానిని కూపేల (రెండు తలుపుల కార్ల) లెక్కగా దయచేసి వాడకండి.