బేస్‌మెంట్‌లో వైఫై అందడం లేదా? రెండో రౌటర్ గుచ్చే ముందు ఇది చదవండి

కెనడాలోని బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దెకిచ్చేవాళ్లు "ఇంటర్నెట్ కూడా కలిపే" అంటే, అది పై అంతస్తు లెక్క అనుకోండి. రౌటర్ పైన హాల్లో టీవీ పక్కన ఉంటుంది, మీరేమో కింద ఉంటారు. మధ్యలో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ నుంచి ఇల్లంతా పాకిన రేకు డక్టులు. చెక్క, జిప్సం బోర్డు వైఫైని పెద్దగా ఆపవు గానీ, రేకు గట్టిగానే ఆపుతుంది. రౌటర్ పంపే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది మెట్ల దగ్గరే నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కిందిదాకా వస్తుంది, కానీ అటూ ఇటూ ఇళ్ల రౌటర్లన్నీ దాంట్లోనే తోసుకుంటూ ఉంటాయి.

నా మొదటి చలికాలం మెట్ల మీదే గడిచింది. జాకెట్ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని క్లాసులూ అక్కడే, ఇంటర్వ్యూలూ అక్కడే, అమ్మతో వీడియో కాల్ కూడా అక్కడే. పైవాళ్లు లాండ్రీకి దిగినప్పుడల్లా కాళ్లు ముడుచుకుని దారివ్వాలి. కాబట్టి మీ కష్టం తెలియక చెప్పడం లేదు. అయినా మొన్న మా వీధిలో ఒక కుర్రాడు చేసింది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. పాత సామాన్లు అమ్మే కిజిజీ సైట్లో ఒక పాత రౌటర్ కొన్నాడు, పైనుంచి వైరు లాగాడు, ఖాళీగా కనిపించిన పోర్టులో గుచ్చేశాడు. ఆ సాయంత్రం కింద బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు పైన టీవీ ఆగింది, ఆ తర్వాత ఓనరు గారి ఆఫీసు ల్యాప్‌టాప్ ఆగింది. ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి, వైఫై పేరు కింద మాత్రం "ఇంటర్నెట్ లేదు" అని వస్తోంది. పాపం ఆయన కంపెనీకి ఫోన్ చేసి వాళ్లతో గొడవపడుతున్నాడు. వీడికేమో తన వైరు వల్లే అన్న అనుమానం కూడా లేదు.

అసలు సంగతి డీహెచ్‌సీపీ. మీ ఫోన్ వైఫైలో చేరగానే దానికొక ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఇచ్చేది, బయటికి ఏ రౌటర్ గుండా వెళ్లాలో ఆ దారి చెప్పేది ఇదే. ఇంట్లో ఆ పని ఒక్క రౌటరే చేయాలి. పెళ్లి విడిదిలో ఇద్దరు పెద్దమనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు గదుల తాళాలు పంచితే ఏమవుతుంది? ఒకే గదికి రెండు కుటుంబాలు సామాను మోసుకొస్తాయి. ఇక్కడా అంతే. పైగా రెండో రౌటర్ "బయటికి దారి నేనే" అని చెప్పుకుంటుంది, దానికి బయటికి దారే లేదు. అడ్రసు ఒకసారి ఇచ్చాక కొన్ని గంటలో, ఒక రోజో నడుస్తుంది కాబట్టి గొడవ వెంటనే బయటపడదు. ఒక్కో పరికరం గడువు తీరి మళ్లీ అడ్రసు అడిగినప్పుడు ఒక్కొక్కటిగా పడిపోతాయి. అందుకే ఎవరికీ మీ మీద అనుమానం రాదు, మీకూ రాదు.

కాబట్టి పై రౌటర్‌కి వైరు కలపకముందే పని ముగించండి. రెండోదాన్ని వెనక ఉన్న సన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేయండి. ల్యాప్‌టాప్‌ని దానికి మాత్రమే వైరుతో కలిపి, బ్రౌజర్‌లో దాని సెట్టింగ్స్ తెరవండి. పై రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితే దీని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రసు 192.168.1.2 చేయండి. పైది ఆ నంబరును ఇంకెవరికీ పంచకుండా ఉండాలి, అది ఓనరుని అడిగి చూసుకోండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. రౌటర్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, దాన్ని అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. అన్నిటికన్నా చివర డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి సేవ్ కొట్టండి. ల్యాప్‌టాప్‌కి అడ్రసు పోతుంది. కంగారు పడకండి, పోవాల్సిందే. ఇప్పుడు పైనుంచి వచ్చిన వైరు ల్యాన్ పోర్టులో పెట్టండి. ల్యాన్ పోర్టులో! రంగు వేరుగా, విడిగా ఉన్న వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) పోర్టులో కాదు.

వాన్‌లో పెడితే ఇల్లేమీ కూలిపోదు, నిజమే. మీకు వేరే నెట్‌వర్క్ ఏర్పడుతుంది. కొందరు కావాలనే అలా పెట్టుకుంటారు, పైవాళ్ల పరికరాలకు తమవి కనపడకుండా. కానీ రెండువైపులా అడ్రసులు 192.168.1 తోనే మొదలైతే నడవదు. పైనున్న ప్రింటర్ మీకు దొరకదు, గేములు ఆడేవాళ్లు సణుగుతారు.

వైరు మామూలు క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. తలుపు కింద పట్టే బల్లపరుపు రకం తీసుకోండి. వైరు లేకుండా రిపీటర్‌గా (పై వైఫైని అందుకుని మళ్లీ పంపేలా) పెడితే చాలా రౌటర్లలో వేగం సగానికి పడిపోతుంది, మెట్ల మీద కూర్చున్నా అంతే వస్తుంది. ఇండియా నుంచి రౌటర్ తెచ్చుకుంటే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి, ఇక్కడ కరెంటు 120 వోల్టులే.

ఓనరుని అడిగే చేయండి. కనెక్షన్ వాళ్ల పేరు మీద ఉంటుంది, మీరు టోరెంట్‌లో సినిమా దించితే నోటీసు వచ్చేది కూడా వాళ్లకే.

కలిపాక ఫోన్లో వైఫై వివరాలు తెరిచి "రౌటర్" లేదా "గేట్‌వే" అన్నచోట చూడండి. పై రౌటర్ అడ్రసు ఉంటే సరే. మీ రెండో రౌటర్‌ది కనిపిస్తే డీహెచ్‌సీపీ ఇంకా ఆగలేదు. వైరు పీకేయండి.

ఇంత చెప్పాక ఇది చెప్పకపోతే తిడతారు కాబట్టి చెబుతున్నా. ఈమధ్య వచ్చిన రౌటర్లు చాలావాటిలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది. అది నొక్కితే ఈ తతంగమంతా అదే చేసుకుంటుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్‌తో మీరెంత కెలికినా కాలిపోయేది ఏమీ ఉండదు. వైరు తీసి, అందరి ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి వేస్తే ఇల్లు మామూలైపోతుంది. అప్పటికీ రాకపోతే పై రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయాలి. ఆ పని మాత్రం పైవాళ్లతో చెప్పి చేయండి, ఆయన మీటింగ్‌లో ఉండొచ్చు.