ఆటల పత్రిక మనమే వేద్దాం – మూడో పాఠం: రాసి పంపేవాళ్లకు ఇచ్చే కాగితం

ఎన్ని పేజీలు, ఏ సైజు, ఎన్ని కాపీలు అని పోయిన పాఠంలో ఒక చీటీ మీద రాసుకోమన్నాను. ఆ చీటీ తీసి పక్కన పెట్టుకోండి. రచనలు పంపేవాళ్లకు నియమాలు చెప్పే కాగితం రాయడం ఇవాళ్టి పని, అదంతా ఆ చీటీ మీదే నడుస్తుంది.

మా మొదటి సంచికకు రచనలు పిలుస్తూ నేను రాసిన కాగితంలో ఇరవై ఆరు నియమాలు ఉండేవి. నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ ఒక దోస్తు అది చదివి, "అన్నా, గిది ఆటల పత్రికనా, టెండర్ నోటీసా?" అన్నాడు. కోపం వచ్చింది కానీ వాడన్నది నిజమే. "రచనలు హుందాగా ఉండవలెను" అని రాశాను. ఏ ఫాంటులో పంపాలో మాత్రం రాయలేదు. హుందాతనం వల్ల మాకు ఒక్క రోజు కూడా పని తగ్గలేదు. ఫాంటు సంగతి చెప్పకపోవడం వల్ల మాత్రం నాలుగు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాం.

అప్పటినుంచి ప్రతి నియమానికీ ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ మాట లేకపోతే ఎవరికి పని పెరుగుతుంది? పంపేవాళ్లకా, టైపు చేసేవాళ్లకా, పేజీ పెట్టేవాళ్లకా, ఇంటికి తీసుకెళ్లి ఆడుకునేవాళ్లకా? ఎవరికీ పెరగదంటే ఆ నియమం కొట్టేయండి. ఇరవై ఆరింటిలో మాకు మిగిలినవి తొమ్మిది.

ముందు తేల్చుకోవాల్సింది

కలిసి వేసే పత్రిక రెండు రకాలుగా నడుస్తుంది. మొదటి పద్ధతిలో ఎవరి పేజీలు వాళ్లే తయారుచేసుకుని పంపుతారు, మధ్యలో ఉన్న మనిషి అన్నీ కలిపి పిన్ను కొడతాడు. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, నలుగురు కూర్చుని కథ నడిపించుకునే ఆట వచ్చిన మరుసటి ఏడే అమెరికాలో లీ గోల్డ్ అనే ఆవిడ ఇదే దారిలో 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అనే పత్రిక మొదలుపెట్టారు. అందులో రాసేవాళ్లే చదివేవాళ్లు, ఒకరి పేజీలకు ఇంకొకరు తర్వాతి సంచికలో జవాబు రాసుకునేవాళ్లు. రెండో పద్ధతిలో అందరూ రచన మాత్రమే పంపుతారు, దిద్దడం, పేజీ పెట్టడం ఒక చిన్న జట్టు చూసుకుంటుంది.

మొదటిది ఎంచుకుంటే మీ కాగితం నాలుగు వాక్యాల్లో అయిపోతుంది: సైజు, అంచు, ఎన్ని కాపీలు, ఆఖరు తేదీ. మేం రెండోది ఎంచుకున్నాం. మాకు రాసేవాళ్లలో సగం మంది దగ్గర కంప్యూటర్ లేదు. ఇక్కడినుంచి పాఠమంతా రెండో పద్ధతికే.

మాటల లెక్క కాగితంలోంచి రావాలి

ఏ4 కాగితం మధ్యకు మడిస్తే ఏ5 అవుతుంది. ఒక కాగితానికి నాలుగు పేజీలు కాబట్టి మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగం పోవాలి. మాది అట్టతో కలిపి 32 పేజీలు. అంటే ఎనిమిది కాగితాలు. అట్టకు నాలుగు, విషయసూచికకు ఒకటి, మా మాటకు ఒకటి, హక్కులకూ పేర్లకూ ఒకటి. మిగిలింది 25.

ఇప్పుడు ఒక పేజీలో ఎన్ని మాటలు పడతాయో మీ ఫాంటులోనే కొలవండి. ఇంగ్లిషు పత్రికల లెక్క తెచ్చుకోవద్దు. మన మాటలు విభక్తులు కలుపుకుని పొడుగవుతాయి, ఒత్తులకు వరుసల మధ్య జాగా కావాలి. మా ఫాంటు 12 పాయింట్లలో పేజీకి 200 మాటలే పట్టాయి. ఒక ఆటకు మూడు పేజీల రాత, ఒక పేజీ బొమ్మ. అంటే 600 మాటలు. నాలుగు పేజీల చొప్పున ఆరు ఆటలకు 24 పేజీలు పోయాయి, మిగిలిన ఒక్క పేజీ పొడుపుకథలకు. "600 మాటలకు మించొద్దు" అన్న నియమం అట్ల పుట్టింది. "ఎందుకన్నా గంతే?" అని అడిగితే కాగితం మడిచి చూపించగలను.

ఏం కావాలి, ఏం వద్దు

ఇక్కడ పెద్ద మాటలు వద్దు, ఉదాహరణలు ఇవ్వండి. "ఆటలకు సంబంధించిన రచనలు" అని రాస్తే ఐపీఎల్ మీద కవిత వస్తుంది. నాకు వచ్చింది కూడా. మేం ఇప్పుడు ఇలా రాస్తున్నాం: "మీ ఇంట్లోనో ఊర్లోనో ఆడే పాత ఆట నియమాలు. మీరు కొత్తగా కట్టిన బోర్డు ఆట. దేవరకొండ కోటలోనో నల్లమలలోనో జరిగే, నలుగురు కూర్చుని నడిపించుకునే కథ ఆట. ఒక రాత్రి ఆడిన ఆట ముచ్చట." పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు కదిలినా కదలకుండా నిలిచే నీడను చిక్కుముడిగా పెట్టి ఒక కథ ఆట వచ్చిందంటే, అది ఈ ఉదాహరణ చూసే వచ్చింది.

వద్దనేది ఒకటే: పైసలు పెట్టి ఆడే ఆటల చిట్కాలు, వాటి ప్రకటనలు. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఈ నియమం కూడా ఎవరి పని తగ్గిస్తుందో చెప్పనక్కర్లేదు.

"మన దగ్గర ఆటలు రాసేటోళ్లు ఎవరున్నరు?" అని అడిగేవాళ్లు మీకూ తగులుతారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. మనకు ఆరుగురు చాలు.

ఫాంటు గొడవ

నాలుగు రాత్రులు పోయింది ఇక్కడే. ఫోన్లో మనం కొట్టే తెలుగు యూనికోడ్, అంటే ఏ ఫోన్లో తెరిచినా అవే అక్షరాలు కనిపించే పద్ధతి. నేను తిరిగిన డీటీపీ సెంటర్లలో ఎక్కువమంది పేజ్‌మేకర్ అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పని చేస్తారు. అది యూనికోడ్ కాదు. అను ఫైలు మామూలు ఫోన్లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కిచిడీ కనిపిస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే సాధనాలున్నాయి కానీ మార్చాక ఒత్తులు జారిపోయిన చోట్లు కంటితో వెతుక్కోవాల్సిందే.

కాబట్టి కాగితం రాసే ముందు మీరు అచ్చు వేయించే సెంటర్‌కు వెళ్లి అడగండి: యూనికోడ్ తీసుకుంటారా, మార్చుకుంటారా? మార్చుకుంటామంటే దిద్దుబాటుకు ఇంకో వారం కలుపుకోండి.

పీడీఎఫ్ వద్దని కూడా రాయండి. చూడ్డానికి చక్కగా ఉంటుంది, అందులోంచి తెలుగు కాపీ చేస్తే గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి.

కానీ ఇక్కడే ఒక మెలిక. పులి మేక బాగా తెలిసినవాళ్లు టైపు చేయరు. మిర్యాలగూడ దగ్గర ఒక పెద్దమ్మ పచ్చీసు నియమాలు మొత్తం ఫోన్లో మాట్లాడి పంపింది. నియమం ప్రకారం చూస్తే అది చెల్లదు. ఆ సంచికలో అందరూ ఆడింది మాత్రం ఆమె ఆటే. అందుకే మా కాగితంలో ఇప్పుడు ఇట్లుంది:

"ఫోన్లో గానీ కంప్యూటర్లో గానీ యూనికోడ్ తెలుగులో కొట్టి, మామూలు మెసేజ్‌గానో వర్డ్ ఫైల్‌గానో పంపండి. పీడీఎఫ్ వద్దు, అందులోంచి అక్షరాలు సరిగ్గా రావు. టైపు రాకపోతే తెల్లకాగితం మీద రాసి ఫోటో తీయండి, లేదా మాట్లాడి పంపండి. మేం టైపు చేసి మీకు చదివి వినిపిస్తాం."

వద్దు అన్నచోట కారణం అరవాక్యంలో ఉంది చూడండి. కారణం చెబితే మనిషి రెండోసారి అడగడు. ఇంకొకటి: ఆఖరి వాక్యం రాసే ముందు ఆ టైపు చేసేది ఎవరో పేరుతో సహా జట్టులో తేల్చుకోండి. లేదంటే ఆ "మేం" చివరికి మీరొక్కరే అవుతారు.

బొమ్మల సంగతి త్వరగా చెప్తాను. నల్ల పెన్నుతో గీయమనండి, జిరాక్స్‌లో పెన్సిల్ గీత ఎగిరిపోతుంది. ఏ5 నిండుగా వచ్చే బొమ్మకు 1748 × 2480 పిక్సెళ్లుంటే అంగుళానికి 300 చుక్కలొస్తాయి, అచ్చుకు అది చాలు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఆట నియమం రాయించడం

అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. కథ సరిగ్గా రాయకపోతే చదువరి విసుక్కుని పేజీ తిప్పుతాడు. ఆట సరిగ్గా రాయకపోతే ఇంట్లో కొట్లాట.

అష్టాచెమ్మ తీసుకోండి. అయిదు గళ్లు ఇటు, అయిదు గళ్లు అటు, నాలుగు గవ్వలు. నాలుగూ నోరు తెరిచి పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఇంతవరకు అందరూ రాస్తారు. చెమ్మ పడితే మళ్లీ వేయాలా? వరుసగా మూడుసార్లు పడితే అవి చెల్లుతాయా, కాలిపోతాయా? ఎవరినీ చంపకుండా లోపలి గళ్లలోకి పోవచ్చా? ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు. రాసేవాళ్లు వీటిని వదిలేస్తారు, ఎందుకంటే వాళ్లింట్లో దాన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు.

పులి మేక కూడా అంతే. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు కూడళ్లు. మాకు వచ్చిన రచన బ్రహ్మాండంగా ఉంది, బొమ్మ కూడా వేసి పంపారు. కానీ మేకలన్నీ దిగకముందే పులి తినొచ్చా అన్నది ఎక్కడా లేదు. అచ్చయ్యాక ముగ్గురు ఫోన్ చేశారు.

దీనికి మేం పెట్టుకున్న మందు ఒక్క వాక్యం: "మీరు రాసింది ఆ ఆట తెలియని ఇద్దరి చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడండి. వాళ్లు మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు రచనలో చేర్చి పంపండి." ఎంతమంది ఆడాలి, ఏమేం సామాను కావాలి, ఎప్పుడు ముగుస్తుంది అని వేరే జాబితా ఇవ్వక్కర్లేదు. ఆడేవాళ్లే అడుగుతారు.

పాత ఆట అయితే ఏ ఊర్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగండి. గద్వాల నియమం, సూర్యాపేట నియమం వేరైతే ఏదీ తప్పు కాదు. ఆ ఊరి పేరు లేకుండా వేస్తే రెండూ తప్పే అంటారు.

దిద్దుడు, హక్కు

మీరు ఏం మారుస్తారో ముందే చెప్పండి. అక్షర దోషాలు అడగకుండా దిద్దుతాం, నియమం మారితే మాత్రం అడిగే మారుస్తాం, ఇదీ మా మాట. రాసినవాళ్ల యాస ముట్టుకోం. చిర్రగోనె అని పంపితే దాన్ని బిళ్ళంగోడు చేయం. ఈ ఒక్క వాక్యం చూసి ధైర్యంగా రాసినవాళ్లున్నారు.

హక్కుల దగ్గర భయపడాల్సింది లేదు, రాయకుండా వదిలేయకూడదు, అంతే. ఆట ఆడే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన వాక్యాలూ గీసిన బొమ్మా మాత్రం చెప్పినవాళ్లవి. కాబట్టి అంగట్లో కొన్న ఆట పెట్టెలోని నియమాల పుస్తకాన్ని తెలుగు చేసి పంపితే వేయలేం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రం 5.1 మాత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత అనుమతి కింద ఉంది. ఎవరిదో చెప్పి వాడుకోవచ్చు. ఇంకో సంగతి: మన 1957 కాపీరైట్ చట్టంలో, హక్కు రాసిచ్చేటప్పుడు ఎంతకాలమో చెప్పకపోతే అయిదేళ్లని, ఏ ప్రాంతమో చెప్పకపోతే భారతదేశమని లెక్క. అంత దూరం పోకుండా ఇలా రాయండి: "ఒక్క సంచికలో అచ్చు వేయడానికి, అదే సంచికను పీడీఎఫ్‌గా పంచడానికి మాత్రం మాకు అనుమతి. రచన మీదే. మర్నాడే ఇంకోచోట ఇచ్చుకోండి."

పైసల ముచ్చట దాచొద్దు. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, రెండు కాపీలు ఇస్తామని, పోస్టు ఖర్చు మాదేనని మొదటి పేరాలోనే రాయండి.

తేదీలు వెనకనుంచి

సంక్రాంతికి పుస్తకం చేతిలో ఉండాలి, అంటే జనవరి 10. సెంటర్‌కు ఒక వారం: జనవరి 3న ఇవ్వాలి. రాసినవాళ్లు ప్రూఫ్ చూసుకోవడానికి ఒక వారం: డిసెంబర్ 27 నుంచి. పేజీలు పెట్టడానికి రెండు వారాలు: డిసెంబర్ 13 నుంచి. చదివి, ఆడి చూసి, ప్రశ్నలు అడగడానికి మూడు వారాలు: నవంబర్ 22 నుంచి. కాబట్టి ఆఖరు తేదీ నవంబర్ 21. పిలుపు మాత్రం దసరా సెలవుల కంటే ముందే పోవాలి. పిల్లలు అమ్మమ్మ ఊరికి వెళ్లేది అప్పుడే, ఆటలు దొరికేదీ అక్కడే. పెళ్లి ముహూర్తాల్లో డీటీపీ సెంటర్ నిండా శుభలేఖలే ఉంటాయి, మన పని పక్కకు పోతుంది. ఆ వారాలు ఏవో యజమానినే అడగండి.

రచన అందిందని ఎన్ని రోజుల్లో చెప్తారో, తీసుకున్నదీ లేనిదీ ఏ తేదీకి చెప్తారో రాయండి. మేం మూడు రోజులని, డిసెంబర్ 5 అని రాస్తున్నాం.

ఈ వారం పని

మీ కాగితం ఏ4కు ఒకవైపే వచ్చేలా రాయండి. ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో, అది ఎవరి పని తగ్గిస్తుందో పేరు రాయండి. పేరు దొరకనివి కొట్టేయండి. తర్వాత పత్రిక సంగతి తెలియని ఒకరికిచ్చి మూడే అడగండి: ఏం పంపాలి, ఎట్ల పంపాలి, ఎప్పటిలోగా? కాగితం వైపు మళ్లీ చూడకుండా చెప్పలేకపోతే ఆ ముక్క తిరగరాయండి.

వచ్చే పాఠంలో వచ్చిన రచనలను ఇద్దరం కూర్చుని ఆడి చూడటం, వద్దనుకున్నవాళ్లకు జవాబు రాయడం. దానికి నాలుగు గవ్వలు కావాలి, తెచ్చిపెట్టుకోండి. గవ్వలు దొరక్కపోతే చింతగింజలు ఒకవైపు అరగదీసినా నడుస్తుంది.