చిన్న ఔషధశాలల్లో నాణ్యతా లోపాలు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

చూర్ణం, తైలం, లేహ్యం, అరిష్టం (పులియబెట్టిన కషాయం) వంటి ఆయుర్వేద మందుల్లో లోపం బయటపడేది సీసాలోనో పొట్లంలోనో అయినా, అది పుట్టేది చాలా ముందుగా, సరుకు కొన్న అంగడిలోనో, ఆరబెట్టిన చోటో, పొయ్యి మీదో. చెడిన మందును పైపైన సరిదిద్దితే అదే లోపం తర్వాతి బ్యాచ్‌లో మళ్ళీ తలెత్తుతుంది. అందువల్ల ఇక్కడ ప్రతి సమస్యనూ కంటికి, ముక్కుకు, నాలుకకు తెలిసే లక్షణంతో మొదలుపెట్టి, అది ఏ దశలో పుట్టిందో వెనక్కి వెళ్ళి వెతికే పద్ధతిలో వివరిస్తున్నాను.

చూర్ణం గడ్డకట్టడం, బూజు పట్టడం

త్రిఫల చూర్ణం నెల తిరక్కుండానే గడ్డకడితే మొదట అనుమానించవలసింది ఉసిరిని. మూడింటిలో ఆలస్యంగా ఆరేది, ఆరిన తర్వాత కూడా గాలిలోని చెమ్మను త్వరగా పీల్చుకునేది ఎండు ఉసిరే. కరక్కాయ పెచ్చులు, తానికాయ పెచ్చులు గలగలలాడుతున్నాయి కదా అని మూడింటినీ కలిపి మరలో వేస్తే, ఉసిరిలో మిగిలిన తేమ మొత్తం పొడికి పాకుతుంది. ఉసిరి ముక్కను వేళ్ళతో విరిచి చూడండి: అది టక్కున విరగాలి, వంగితే ఇంకా ఆరలేదని అర్థం. మూడింటినీ విడివిడిగా ఆరబెట్టి, విడివిడిగా దంచి, జల్లించిన తర్వాతే సమపాళ్ళలో కలపాలి.

సరుకు బాగా ఆరినా చూర్ణం గడ్డకట్టిందంటే కారణం మర దగ్గర ఉంటుంది. మరలో రాపిడికి పొడి వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గకముందే డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతకు నీటి బొట్లుగా పట్టి మళ్ళీ పొడిలోకే రాలుతుంది. పొడిని వెడల్పాటి పళ్ళేల్లో పలుచగా పరిచి, పూర్తిగా చల్లారిన తర్వాతే నింపాలి. లవణభాస్కరం వంటి ఉప్పు కలిసే చూర్ణాల్లో ఉప్పే చెమ్మను లాగుతుంది కాబట్టి, ఉప్పును వేరుగా వేయించి, చల్లార్చి, చివరలో కలిపి వెంటనే ప్యాక్ చేయాలి. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో వానాకాలంలో ఈ చూర్ణాలను చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పనిసరి అయితే తేమను తగ్గించే యంత్రం ఉన్న గదిలోనే చేయాలి.

తేమను అంకెల్లో తెలుసుకోవడానికి పది గ్రాముల పొడిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఐదు గంటలు ఓవెన్‌లో ఉంచి, ఆ తర్వాత గంటకోసారి తూస్తూ, వరుస తూకాల మధ్య తేడా 0.25 శాతానికి మించనంత వరకు కొనసాగించాలి. వాము, లవంగం వంటి సుగంధ ద్రవ్యాలున్న చూర్ణాల్లో వాటి తైలం కూడా ఆవిరై తూకం తగ్గుతుంది గనుక, ఈ అంకెను అచ్చంగా తేమగా లెక్కించకూడదు.

బూజు పట్టిన చూర్ణం విషయంలో రాజీకి తావు లేదు. ఎండలో పోసి, జల్లించి, మళ్ళీ ప్యాక్ చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది ప్రమాదకరం. ఎండకు బూజు కనుమరుగు కావచ్చు గాని, కొన్ని రకాల బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం ఆ ఎండకు పోదు. అలాంటి బ్యాచ్‌ను పారవేయడమే పరిష్కారం.

ఒకే చూర్ణం బ్యాచ్ బ్యాచ్‌కూ రంగు, రుచి మారడం

వగరు తగ్గి, రంగు పాలిపోయిన త్రిఫలలో చాలాసార్లు కరక్కాయను గింజతో సహా దంచి ఉంటారు. వాడవలసింది పెచ్చు మాత్రమే. గింజ కలిస్తే తూకం పెరుగుతుంది, వగరునిచ్చే టానిన్ల పాలు తగ్గుతుంది. కరక్కాయను పొడిగా గాని, పగలగొట్టిన ముక్కలుగా గాని కొనకుండా కాయగానే కొనాలి. మంచి కాయ బరువుగా ఉండి నీళ్ళలో వేస్తే మునుగుతుంది, పురుగు తొలిచిన కాయ తేలుతుంది.

తైలం మసకబారడం, అడుగున నీరు చేరడం, ముక్కిపోయిన వాసన

చిన్న ఔషధశాలల్లో ఎక్కువ నష్టం జరిగేది తైలంలోనే కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. శాస్త్రం చెప్పిన సాధారణ కొలత కల్కం (నూరిన మూలికల ముద్ద) ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, ద్రవం పదహారు పాళ్ళు. ఆ ద్రవమంతా ఇగిరిపోయి, మందు సారం నూనెలోకి దిగినప్పుడే పాకం ముగిసినట్టు. పొయ్యి దగ్గరి ఓపిక తగ్గి కొంచెం ముందుగా దించితే, వేడి మీద తేటగా కనిపించిన నూనె చల్లారాక మసకబారుతుంది, కొన్నాళ్ళకు సీసా అడుగున నీటి పొర చేరుతుంది, ఆపైన వాసన మారుతుంది.

దించే ముందు చేయవలసిన పరీక్ష ఇది. గరిటెతో అడుగు నుంచి కొంచెం కల్కం తీసి, పట్టుకోగలిగేంత చల్లారాక బొటనవేలు, చూపుడువేలి మధ్య నలపాలి. వేళ్ళకు అంటుకుంటే మృదుపాకం, అంటకుండా వత్తిలా సాగితే మధ్యమ పాకం, పెళుసుగా పొడిపొడి అయితే ఖరపాకం. ఆ వత్తిని మంటలో పెట్టినప్పుడు చిటపటలాడితే నీరు మిగిలినట్టు, చప్పుడు లేకుండా కాలితే నీరు పోయినట్టు. అదే సమయంలో తైలం మీద నురగ లేస్తుంది. నెయ్యితో చేసే మందుల్లో దీనికి భిన్నంగా నురగ అణిగిపోతుంది. ఒక్క నురగను చూసి దించకూడదు, వత్తి పరీక్ష కూడా కుదరాలి. క్షీరబల వంటి పాలు పోసి కాచే తైలాల్లో పాల గట్టి భాగం అడుగంటి మాడే ప్రమాదం ఎక్కువ కాబట్టి, సన్న సెగ మీద అడుగు గీకుతూ కలపడం మానకూడదు.

వడపోసిన ఒకటి రెండు రోజుల్లోనే, వాసన మారకముందే మసక కనిపిస్తే, సన్న సెగ మీద మళ్ళీ కాచి, నీరు పోయిందని నిర్ధారించుకుని వడపోయవచ్చు. ముక్కిపోయిన వాసన వచ్చిన తర్వాత మాత్రం కాచి లాభం లేదు, వేడికి ఆక్సీకరణ ఇంకా పెరుగుతుందే తప్ప నూనె బాగుపడదు. పాకం సరిగ్గా కుదిరినా త్వరగా ముక్కిపోతున్న తైలానికి మూడు కారణాలు వెతకాలి: కొన్న నువ్వుల నూనె ముందే పాతబడి ఉండడం, రాగి పాత్ర వాడడం, వెలుతురు సోకే తెల్ల సీసాల్లో నిల్వ చేయడం. రాగి నూనె ఆక్సీకరణను వేగవంతం చేస్తుంది గనుక స్టీలు పాత్ర వాడాలి, ముదురు రంగు సీసాలు ఎంచుకోవాలి. నూనె కొన్నప్పుడే, అది ఎంత పాతబడిందో చెప్పే ఆమ్ల విలువ, పెరాక్సైడ్ విలువ పరీక్ష చేయించుకోవడం చవకైన జాగ్రత్త.

మాడిన వాసన వేరు. నల్లబడి మాడు వాసన కొట్టే తైలం దగ్ధపాకం, అది పైపూతకు కూడా పనికిరాదు.

అరిష్టం పులియకపోవడం, పుల్లబడడం, సీసా మూత ఎగరడం

జాడీలో పోసిన వారానికి కూడా కదలిక లేకపోతే, కషాయం వేడి తగ్గకముందే, పులియడానికి కావలసిన ఈస్టును అందించే ధాతకీ పుష్పాలు వేశారేమో చూడాలి. ఆ వేడికి ఈస్టు చనిపోతుంది. గోరువెచ్చదనం కూడా తగ్గాక వేయాలి. రెండో కారణం బెల్లం. పసుపుపచ్చగా మెరవడానికి హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం) కలిపిన బెల్లంలో మిగిలే సల్ఫైట్లు ఈస్టును అణచివేస్తాయి కాబట్టి, ముదురు రంగు బెల్లమే కొనాలి. వెనిగర్‌లా పుల్లబడితే జాడీ మూతకు కట్టిన సీలు వదులై గాలి చొరబడిందని అర్థం, ఆ బ్యాచ్‌కు పరిష్కారం లేదు. మూతలు ఎగిరిపడడానికి కారణం సంధానం (పులియడం) ముగియకముందే సీసాల్లో నింపడం. జాడీకి చెవి ఆనిస్తే బుసబుస వినపడకూడదు, జాడీ మూతి దగ్గర పెట్టిన వెలిగించిన అగ్గిపుల్ల ఆరిపోకూడదు. ఆరిపోతే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పుడుతోందన్న మాట.

లేహ్యం చక్కెర కట్టడం

పాకం ముదిరిందని అర్థం. తీగ సాగి, నీళ్ళలో వేసిన చుక్క చెదరకుండా మునిగిన వెంటనే దించాలి. తేనె పూర్తిగా చల్లారాకే కలపాలి.

ప్రయోగశాల నివేదికలో లోపం

మందును కాల్చాక మిగిలే బూడిదలో ఆమ్లంలో కరగని భాగం ఎక్కువ వస్తే సరుకులో మట్టి, ఇసుక ఉన్నట్టు. వేళ్ళను, దుంపలను కడగకుండా దంచారన్న మాట. సూక్ష్మజీవుల లెక్క ఎక్కువైతే, కడిగిన తర్వాత తడి సరుకును కుప్పగా వదిలేసి ఉంటారు. కడిగిన రోజే పలుచగా ఆరబోయాలి.

మూలికలతో మాత్రమే చేసిన మందులో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పిపిఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు) దాటకూడదు. సీసం ఎక్కువ వచ్చిన మందులో పసుపు ఉంటే మొదట దాన్నే పరీక్షకు పంపాలి, ఎందుకంటే మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ పసుపు పొడిలోనూ, పాలిష్ చేసిన కొమ్ముల్లోనూ ఉంటుంది. నిజామాబాద్ గాని, దుగ్గిరాల గాని, ఏ మార్కెట్ సరుకైనా పాలిష్ చేయని కొమ్ములు కొని స్వయంగా పొడి చేయించుకోవడం మేలు.

మొక్కే మారిపోవడం మరింత కష్టమైన లోపం. అశోకారిష్టానికి కావలసిన బెరడు ఎర్రని పూగుత్తులు పూసే అసలు అశోకానిది. రోడ్ల పక్కన స్తంభంలా నిటారుగా పెరిగే, జనం అశోకమనే పిలిచే చెట్టు వేరు జాతిది, దాని బెరడు అంగళ్ళలో అదే పేరుతో దొరుకుతుంది. అశ్వగంధలో వేరుతో పాటు ఆకు కలపడం మరో కల్తీ. ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో సూచన జారీ చేసింది. పొడి చేశాక కంటితో తేల్చలేము కాబట్టి, ఈ రెండింటినీ ముక్కలుగానే కొని, నిపుణులు నిర్ధారించిన నమూనాతో పోల్చి, టిఎల్‌సి (పలుచని పొర మీద సారంలోని పదార్థాలను విడదీసి చూసే క్రోమటోగ్రఫీ) పరీక్ష చేయించాలి.

కారణం తెలియకుండా ఫిర్యాదు వచ్చినప్పుడు

ప్రతి బ్యాచ్ నుంచి అమ్మే సీసాలాంటి సీసాలోనే కొంత మందును గడువు తేదీ దాటేవరకు భద్రపరచాలి. ఫిర్యాదు వచ్చిన సీసానూ దాచిన నమూనానూ పక్కపక్కన పెట్టి చూస్తే, నమూనా బాగుండి సీసా చెడితే లోపం రవాణాలోనో, దుకాణంలోనో, మూతలోనో ఉందని, రెండూ చెడితే తయారీలోనే ఉందని తేలుతుంది. తయారీలో ఉందని తేలితే అదే బ్యాచ్‌లోని మిగతా సీసాలను వెంటనే వెనక్కి తెప్పించాలి. ఆ తర్వాత షెడ్యూల్ టి (ఆయుర్వేద మందుల తయారీకి ప్రభుత్వం పెట్టిన నియమాలు) ప్రకారం రాసి ఉంచవలసిన బ్యాచ్ రికార్డు తెరిచి, సరుకు కొన్న తేదీ, ఆరబెట్టిన రోజులు, పాకం దించిన సమయం వరుసగా చూడాలి. ఆ వివరాలు పని జరుగుతున్నప్పుడే రాసినవైతేనే పనికివస్తాయి, సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపిన రికార్డులో లోపం దొరకదు.